వయోలా, చెల్లో, డబుల్ బాస్ తీగలను శ్రుతి చేయడం ఎలా

వయోలిన్ కుటుంబంలో వయోలిన్ కంటే కింది స్థాయిలో పలికే వాద్యాలు ప్రధానంగా మూడు: వయోలా, చెల్లో, డబుల్ బాస్. వీటిలో ఒకదాన్ని కొత్తగా చేతిలోకి తీసుకున్నవారికీ, వయోలిన్ నేర్చుకుని ఆ తరువాత ఇటు వచ్చినవారికీ మొదటి చిక్కు సాధారణంగా శ్రుతి దగ్గరే ఎదురవుతుంది. ట్యూనర్ (స్వరాన్ని కొలిచి చూపే పరికరం) ముల్లు నాలుగు తీగలకూ సరిగ్గా మధ్యలోనే నిలుస్తుంది, అయినా రెండు తీగలను కలిపి కమానుతో పలికిస్తే నాదం నిలకడగా ఉండదు. లావు తీగల విషయంలో ట్యూనర్ మీటని స్వరం పేరు కూడా చూపిస్తుంది. అందువల్ల ట్యూనర్‌ను ఒక్క తీగకే పరిమితం చేసి, మిగిలిన మూడింటినీ పక్క తీగతో పోల్చుకుంటూ చెవితో కలపడం ఈ వాద్యాలకు మేలైన మార్గమని నా అభిప్రాయం. ఈ వ్యాసం ఆ పద్ధతినే మొదటి నుంచి చివరి దాకా వివరిస్తుంది.

ముందుగా ఏ తీగ ఏ స్వరమో స్థిరపరచుకోండి

వయోలా తీగలు పైనుంచి కిందికి ఎ, డి, జి, సి. ఎ తీగ 440 హెర్ట్జ్ అనుకుంటే డి సుమారు 293.7, జి 196, సి 130.8 హెర్ట్జ్ అవుతాయి. వయోలిన్‌లోని ఎ, డి, జి తీగలు మూడూ ఇక్కడ అదే స్థాయిలో ఉంటాయి. పైన ఇ తీగ తొలగి, కింద సి తీగ చేరింది, అంతే తేడా. చెల్లో తీగల పేర్లు కూడా ఇవే అయినా ప్రతి తీగా వయోలా కంటే పూర్తిగా ఒక స్థాయి (ఆక్టేవ్) కింద పలుకుతుంది కాబట్టి సంఖ్యలన్నీ సగమవుతాయి: 220, 146.8, 98, 65.4 హెర్ట్జ్. డబుల్ బాస్ మాత్రం పేర్లలోనూ దూరాల్లోనూ వేరు. దాని తీగలు పైనుంచి కిందికి జి, డి, ఎ, ఇ. పౌనఃపున్యాలు 98, 73.4, 55, 41.2 హెర్ట్జ్. బాస్‌లోని అన్నిటికంటే పై తీగా, చెల్లోలోని మూడో తీగా ఒకే జి అన్న సంగతి గుర్తుంచుకుంటే రెండు వాద్యాలూ కలిసి వాయించేచోట సరిచూసుకోవడానికి పనికివస్తుంది.

స్వరాల భాషలో చెప్పాలంటే, వయోలాలోనూ చెల్లోలోనూ ఏ తీగను షడ్జమం అనుకున్నా దాని పై తీగ పంచమం అవుతుంది. డబుల్ బాస్‌లో పై తీగ శుద్ధ మధ్యమం అవుతుంది. కర్ణాటక పద్ధతిలో వయోలిన్ వాయించేవారు స-ప-స-ప అని శ్రుతి చేసుకుంటారు. అందులో స నుంచి ప దాకా పంచమ దూరం, ప నుంచి పై స దాకా మధ్యమ దూరం. అంటే ఈ రెండు దూరాలూ వారి చెవిలో ఇప్పటికే ఉన్నాయి. చెల్లోకు మొదటిది మూడుసార్లు, బాస్‌కు రెండోది మూడుసార్లు వరుసగా వాడితే చాలు.

స్వరలిపి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తును క్లెఫ్ అంటారు; వయోలాకు నడి గీత మీద సి ఉండే ఆల్టో క్లెఫ్ వాడతారు, చెల్లోకు బాస్ క్లెఫ్ ప్రధానం. డబుల్ బాస్‌కూ బాస్ క్లెఫ్ వాడినా, కాగితం మీద రాసిన దానికంటే ఒక స్థాయి కింద అది పలుకుతుంది. పియానో మీద రాసినచోటే మీట నొక్కి, దానితో బాస్ తీగను సమం చేయబోతే తీగ తెగే దాకా బిగించాల్సి వస్తుంది.

ఈ దూరాలు ఎందుకు ఇలా ఏర్పడ్డాయి

ఇది తెలియకపోయినా శ్రుతి చేయవచ్చు; తెలిస్తే మాత్రం ఏ తీగ ఎలా ప్రవర్తిస్తుందో ముందే ఊహించవచ్చు. తీగ పౌనఃపున్యం దాని పొడవు, తన్యత (బిగువు), రేఖీయ సాంద్రత (ఒక్కో సెంటీమీటరు తీగ బరువు) అనే మూడింటి మీద ఆధారపడుతుంది. వయోలిన్‌లో నట్ (బిరడల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (పెట్టె మీద తీగలను ఎత్తి నిలిపే చెక్క) దాకా కంపించే తీగ పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. వయోలా దానికంటే పంచమం కింద పలకాలి కాబట్టి, అన్ని కొలతలనూ అదే నిష్పత్తిలో పెంచితే తీగ సుమారు 49 సెంటీమీటర్లు, పెట్టె సుమారు 53 సెంటీమీటర్లు ఉండాలి. అంత పెద్ద వాద్యాన్ని గడ్డం కింద పెట్టుకుని చేయి చాపి వాయించడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే వయోలా పెట్టె సాధారణంగా 38 నుంచి 43 సెంటీమీటర్ల మధ్య, తీగ 37 లేదా 38 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. పొడవులో తగ్గినదాన్ని తీగ బరువు పెంచి పూడ్చుకుంటారు. వయోలా సి తీగ కమానుకు కాస్త ఆలస్యంగా బదులు పలకడానికి, దాని నాదంలో ఒక మసక ఉండడానికి కారణం ఇదే. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాకు చెందిన వాద్య నిర్మాత కార్లీన్ హచిన్స్ ఈ రాజీ లేకుండా ఎనిమిది వాద్యాల కుటుంబాన్ని రూపొందించారు. అందులో వయోలా స్థానంలో ఉన్నది ఎంత పెద్దదంటే, చాలామంది దాన్ని చెల్లోలా నిలబెట్టి వాయిస్తారు.

చెల్లో సి తీగ వయోలిన్ జి తీగ పౌనఃపున్యంలో మూడో వంతు. ఆ లెక్కన తీగ మూడు రెట్లు, అంటే మీటరు దాకా ఉండాలి. నిజానికి 69 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. మిగిలిన లోటును బరువైన తీగలు, లోతైన పక్కలు భర్తీ చేస్తాయి. వయోలిన్ పక్కల లోతు 3 సెంటీమీటర్లయితే చెల్లోకు అది 11 లేదా 12 సెంటీమీటర్లు. ఒకప్పుడు జంతువుల పేగులతో చేసిన తీగలు మాత్రమే ఉన్న కాలంలో కింది తీగలు మరీ లావుగా ఉండేవి. పదిహేడో శతాబ్దం రెండో సగంలో పేగు తీగ మీద లోహపు తీగ చుట్టడం మొదలయ్యాక, సన్నని తీగతోనే తగిన బరువు వచ్చి చెల్లో పరిమాణం తగ్గడానికి వీలు కలిగింది. ఇప్పటి సి తీగల చుట్టులో టంగ్‌స్టన్ వంటి బరువైన లోహాలు వాడేదీ ఇందుకే.

ఇక డబుల్ బాస్ పంచమాలు వదిలి మధ్యమాలకు రావడానికి కారణం ఎడమ చేయి. వయోలిన్‌లో చేయి కదపకుండా మొదటి వేలి నుంచి నాలుగో వేలి దాకా మధ్యమ దూరం అందుతుంది. చెల్లోలో అదే చేతికి మూడు అర్ధస్వరాలు (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాలు), వేలు చాపితే నాలుగు అందుతాయి. బాస్ తీగ పొడవు సుమారు 105 సెంటీమీటర్లు కాబట్టి మొదటి వేలి నుంచి నాలుగో వేలికి రెండు అర్ధస్వరాలే దక్కుతాయి. తీగకూ తీగకూ మధ్య ఏడు అర్ధస్వరాలుంటే, ప్రతి తీగ మీదా పైకీ కిందికీ చేతిని జరపడమే పనవుతుంది, అయిదైతే భరించవచ్చు. అయినా పంచమాల్లోనే బాస్ వాయించినవారు లేకపోలేదు. జాజ్‌లో రెడ్ మిచెల్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో జోయెల్ క్వారింగ్టన్ చెల్లో కంటే ఒక స్థాయి కింద సి, జి, డి, ఎ అని శ్రుతి చేసుకుని పేరు తెచ్చుకున్నారు.

బిరడ తిప్పే ముందు

వాద్యాన్ని మంచి వెలుతురులో పక్క నుంచి చూడండి. బ్రిడ్జి పాదాలు రెండూ పెట్టె పై పలకకు పూర్తిగా ఆని ఉండాలి, టెయిల్‌పీస్ (తీగల కింది కొసలను పట్టి ఉంచే భాగం) వైపు ఉన్న బ్రిడ్జి ముఖం పలకకు లంబంగా నిలవాలి. తీగ బిగించిన ప్రతిసారీ బ్రిడ్జి పై అంచును అది బిరడల వైపు కొద్దికొద్దిగా లాగుతుంది. ఆ వాలును పట్టించుకోకపోతే బ్రిడ్జి వంగిపోతుంది, చెల్లో, బాస్‌లలోనైతే ఒకరోజు పెద్ద చప్పుడుతో పడిపోతుంది. వాలి ఉన్నట్టు కనిపిస్తే తీగలను కొద్దిగా వదులు చేసి, రెండు చేతులతో పై అంచును పట్టుకుని, వేళ్ళతో మెల్లగా వెనక్కి తెండి.

నాలుగు తీగలనూ ఒకేసారి వదులు చేయకండి. పెట్టె లోపల నిలబడిన సౌండ్ పోస్ట్ అనే చిన్న చెక్క కడ్డీని ఏ జిగురూ పట్టి ఉంచదు. తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. అన్ని తీగలూ సడలితే అది పడిపోవచ్చు, దాన్ని మళ్ళీ నిలపడం నిపుణుడి పని. తీగలు మార్చేటప్పుడు కూడా ఒకటి విప్పి, కొత్తది బిగించి, ఆ తరువాతే రెండోదానికి వెళ్ళండి.

వయోలా, చెల్లోలకు చెక్క బిరడలు ఉంటాయి. ఇవి రాపిడి వల్లే నిలుస్తాయి కాబట్టి తిప్పుతూనే లోపలికి నొక్కాలి. నొక్కకుండా తిప్పితే చేయి తీయగానే వెనక్కి జారుతుంది. చెల్లోకు సాధారణంగా టెయిల్‌పీస్ మీద నాలుగు ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని కొద్దికొద్దిగా సర్దే చిన్న మరలు) ఉంటాయి. వాటి మరలను ముందే మధ్యస్థానానికి తెచ్చుకుంటే పైకీ కిందికీ కదలడానికి చోటు మిగులుతుంది. వయోలాలో అయితే ఫైన్ ట్యూనర్ కింది మీట పెట్టె పలకను తాకుతోందేమో కూడా చూడండి, తాకితే గీత పడుతుంది. బాస్‌కు పళ్ళచక్రాలున్న లోహపు యంత్రాలుంటాయి. ఇవి జారవు, కానీ దిశ మార్చినప్పుడు కొంత ఖాళీగా తిరుగుతాయి.

అందుకే ఏ వాద్యానికైనా ఒకే నియమం: కావలసిన స్వరానికి ఎప్పుడూ కింది నుంచి పైకి చేరుకోండి. స్వరం ఎక్కువైతే దాన్ని కొంచెం దించి సరిపెట్టడం కాకుండా, అవసరమైన దానికంటే కిందికి దించి మళ్ళీ పైకి తెండి. పై నుంచి దించిన తీగ నట్ గాడిలో రాపిడికి పట్టుకుని ఉండి, వాయించడం మొదలుపెట్టిన కాసేపటికే జారి శ్రుతి తప్పుతుంది.

వయోలా

ఎ తీగను 440కి కలపండి. మీరు వాయించే బృందం 442 వాడుతుంటే ట్యూనర్‌ను ముందే ఆ సంఖ్యకు మార్చుకోండి. మిగతా తీగలు దానంతటవే ఆ లెక్కకు వస్తాయి. కమానును తేలికగా, పొడవుగా, ఒకే వేగంతో లాగండి. గట్టిగా నొక్కినా తీగను బలంగా మీటినా స్వరం కదులుతుంది, మీటిన తొలి క్షణంలో ఎప్పుడూ కొంత ఎక్కువగానే వినిపిస్తుంది.

తరువాత ఎ, డి తీగలను కమానుతో కలిపి పలికించండి. పంచమం సరిగ్గా కుదరనప్పుడు నాదంలో ఒక ఊగిసలాట వినిపిస్తుంది. భౌతికశాస్త్రంలో వీటినే విస్పందనాలంటారు. ప్రతి తీగా మూల స్వరంతో పాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యాలనూ పలుకుతుంది; వీటిని హార్మోనిక్‌లంటారు. ఎ తీగ రెండో హార్మోనిక్, డి తీగ మూడో హార్మోనిక్ రెండూ ఒకే స్వరం కావాలి. వాటి మధ్య ఎంత తేడా ఉంటే సెకనుకు అన్ని విస్పందనాలు వస్తాయి. డి తీగను కింది నుంచి పైకి తెస్తున్నకొద్దీ ఊగిసలాట నెమ్మదించి, చివరికి ఆగిపోతుంది. ఆగినచోటే శుద్ధ పంచమం. ఇంకా పైకి వెళితే ఊగిసలాట మళ్ళీ మొదలవుతుంది కాబట్టి, ఆగిన బిందువును ఒకసారి దాటి చూసి, మళ్ళీ కిందికి దించి పైకి రావడం నేర్చుకునేవారికి మంచి సాధన. ఇదే విధంగా డితో జిని, జితో సిని కలపండి. చివరి జతలో సి తీగ నెమ్మదిగా పలుకుతుంది కనుక కమానును బ్రిడ్జికి మరీ దగ్గరగా పెట్టకండి, నాదం స్థిరపడేదాకా ఆగి వినండి.

నాలుగూ అయ్యాక ఎ తీగను మళ్ళీ చూడండి. కింది తీగలను బిగించిన కొద్దీ పెట్టె మీద భారం మారి, మొదట కలిపిన తీగ కొంచెం దిగుతుంది. కొత్త తీగలైతే ఇది కొన్ని రోజుల పాటు ప్రతిసారీ జరుగుతుంది.

చెల్లో

వరుస ఇదే అయినా స్థాయి దిగిన కొద్దీ విస్పందనాలు నెమ్మదిస్తాయి, వాటిని పట్టుకోవడం కష్టమవుతుంది. అందుకే చెల్లో వాద్యకారులు తెరిచిన (వేలు పెట్టని) తీగలకు బదులు హార్మోనిక్‌లను పోలుస్తారు. తీగను కిందికి నొక్కకుండా వేలి కొనతో తాకితే మాత్రమే ఈ స్వరాలు పలుకుతాయి.

ఎ తీగను దాని నడి మధ్యలో, అంటే నట్ నుంచి సుమారు 34.5 సెంటీమీటర్ల దగ్గర తాకి పలికించండి. 440 హెర్ట్జ్ వస్తుంది. డి తీగను మూడో వంతు దగ్గర, అంటే నట్ నుంచి సుమారు 23 సెంటీమీటర్ల దూరంలో తాకండి. శ్రుతి సరిగ్గా ఉంటే ఇక్కడా అదే 440 వినిపించాలి. ఒకదాన్ని పలికించి వేలు తీసేసినా హార్మోనిక్ కొంతసేపు మోగుతూనే ఉంటుంది, ఆ వ్యవధిలో రెండోదాన్ని పలికించి పోల్చవచ్చు. తేడా ఉంటే డి తీగ ఫైన్ ట్యూనర్‌ను తిప్పండి. పై తీగను సగంలో, కింది తీగను మూడో వంతులో తాకడమనే ఈ సూత్రం డి-జి, జి-సి జతలకూ యథాతథంగా వర్తిస్తుంది.

ఒక్కోసారి హార్మోనిక్‌లు కచ్చితంగా కలుస్తాయి, తెరిచిన తీగలు మాత్రం కలవవు. వేలు తీగను పక్కకు లాగుతోందేమో, కొంచెం నొక్కుతోందేమో మొదట చూసుకోండి. అదేమీ లేకపోతే తీగ పాతబడి దాని బరువు పొడవంతా సమానంగా లేదని అర్థం. అలాంటి తీగను ఎంత శ్రద్ధగా కలిపినా ప్రయోజనం లేదు, మార్చవలసిందే.

చెల్లోలో చాలాసార్లు ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్ స్వరాల ప్రాంతంలో ఎక్కడో ఒకచోట నాదం గురగురమని తడబడుతుంది. దీన్ని వుల్ఫ్ నోట్ అంటారు. అది పెట్టె సహజ కంపనానికీ తీగ కంపనానికీ మధ్య జరిగే పెనుగులాట మాత్రమే, శ్రుతి లోపం కాదు. బ్రిడ్జికి కింద, టెయిల్‌పీస్‌కు పైన ఉన్న తీగ భాగానికి చిన్న బరువు తగిలించి దాన్ని అదుపు చేస్తారు.

శుద్ధ పంచమమా, ట్యూనర్ పంచమమా

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మొదట్లో చెప్పిన ట్యూనర్ చిక్కుకు అసలు కారణం ఇదే. అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా విభజిస్తే ట్యూనర్‌లోనూ పియానోలోనూ పంచమం 700 సెంట్లు. చెవికి ఊగిసలాట లేకుండా వినిపించే పంచమం దాదాపు 702 సెంట్లు. ఒక జతలో 2 సెంట్ల తేడా లెక్కలోది కాదు. ట్యూనర్‌తో కలిపిన చెల్లోలో ఎ-డి జత దాదాపు రెండు సెకన్లకు ఒకసారి ఊగుతుంది, వయోలాలో సెకనుకు ఒకసారి. కానీ ఎ నుంచి సి దాకా మూడు పంచమాలు దిగుతాం కాబట్టి తేడా పేరుకుని 6 సెంట్లవుతుంది. చెవితో కలిపిన చెల్లో సి 65.2 హెర్ట్జ్ దగ్గర, పియానో సి 65.4 దగ్గర ఉంటాయి.

దీని పర్యవసానం చతుష్టయంలో (నలుగురు కలిసి వాయించే బృందంలో) ఎక్కువగా తెలుస్తుంది. వయోలిన్ తెరిచిన ఇ తీగనూ చెల్లో తెరిచిన సి తీగనూ ఒకేసారి పలికిస్తే, అన్నీ శుద్ధ పంచమాలతో కలిపి ఉన్నప్పుడు సి నుంచి ఇ దాకా అంతర గాంధార దూరం ఉండవలసిన దానికంటే సుమారు 21.5 సెంట్లు వెడల్పుగా, కటువుగా వినిపిస్తుంది. అందుకే చాలా చతుష్టయాలు పంచమాలను కొద్దిగా ఇరుకు చేసి, ముఖ్యంగా చెల్లో, వయోలా సి తీగలను రవ్వంత పైకి జరిపి ఉంచుకుంటాయి.

కాబట్టి ఒంటరిగా వాయిస్తున్నప్పుడు శుద్ధ పంచమాలు పెట్టుకోండి, వాద్యం ఎక్కువగా మోగుతుంది. పియానోతో వాయించేటప్పుడు ఎ తీగను పియానోతో కలిపాక, సి తీగను కూడా పియానో సితో నేరుగా కలిపి, మధ్యనున్న జి, డి తీగలను ఆ రెండింటి మధ్య సమంగా సర్దండి. బృందంలో ఉంటే మిగిలినవారు ఏమి చేస్తున్నారో అడిగి అదే చేయండి. ఒక్కరు శుద్ధంగా, మిగిలినవారు ఇరుకుగా ఉండడం కంటే అందరూ ఒకేలా తప్పడం మేలు.

డబుల్ బాస్

బాస్ ఇ తీగను ట్యూనర్ ముందు మీటితే తెర మీద తరచూ బి అని కనిపిస్తుంది. ట్యూనర్ చెడిపోలేదు. 41 హెర్ట్జ్ మూల స్వరాన్ని బాస్ పెట్టె బలంగా వెలువరించలేదు, ఫోన్ మైక్రోఫోన్ కూడా ఆ స్థాయిని సరిగా అందుకోలేదు. అందువల్ల యంత్రం మూడో హార్మోనిక్‌ను పట్టుకుని, పంచమమైన బి పేరు చెబుతుంది. బ్రిడ్జికి తగిలించే క్లిప్ ట్యూనర్ కంపనాన్ని నేరుగా అందుకుంటుంది కాబట్టి కొంత మెరుగు. హార్మోనిక్ పలికించి చూడడం ఇంకా మెరుగు.

మధ్యమ దూరంలో నిష్పత్తి 4:3. కింది తీగ నాలుగో హార్మోనిక్, పై తీగ మూడో హార్మోనిక్ ఒకటే కావాలి. కాబట్టి కింది తీగను నట్ నుంచి నాలుగో వంతులో, అంటే సుమారు 26 సెంటీమీటర్ల దగ్గర, పై తీగను మూడో వంతులో, అంటే సుమారు 35 సెంటీమీటర్ల దగ్గర తాకాలి. రెండు బిందువులూ చేతికి దగ్గర దగ్గరగానే ఉంటాయి, అందువల్ల చేయి పెద్దగా జరపకుండానే పని జరుగుతుంది.

మొదట ఎ తీగను నాలుగో వంతులో తాకి, వచ్చే 220 హెర్ట్జ్‌ను ట్యూనర్‌తోనో బృందం ఇచ్చే ఎ స్వరంతోనో కలపండి. డి తీగను మూడో వంతులో తాకితే అదే 220 రావాలి. ఆ తరువాత డి తీగ నాలుగో వంతు, జి తీగ మూడో వంతు కలపండి. రెండింటిలోనూ పై డి వినిపిస్తుంది. చివరగా ఇ తీగ నాలుగో వంతు, ఎ తీగ మూడో వంతు. ఇక్కడ కలిసే స్వరం ఇ, 165 హెర్ట్జ్. మధ్యమాలు కూడా ట్యూనర్ లెక్కకు 2 సెంట్ల తేడాతోనే ఉంటాయి, కానీ ఇంత కింది స్థాయిలో అది మూడు నుంచి అయిదు సెకన్లకు ఒక ఊపు మాత్రమే కాబట్టి దాని గురించి చెల్లో అంత తర్కించుకోవలసిన పని లేదు.

నాలుగు తీగల బాస్‌కు ఇ కంటే కింది స్వరాలు కావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి అయిదో తీగ. దాన్ని సాధారణంగా బికి, అంటే 30.9 హెర్ట్జ్‌కు, కొందరు సికి కలుపుతారు. బికి కలిపితే అది ఇ తీగకు మధ్యమమే కనుక పై పద్ధతే చాలు. రెండోది ఇ తీగను నట్ దాటించి వాద్యం తల మీదుగా పొడిగించి, సి దాకా దించే ఎక్స్‌టెన్షన్. దానికి నట్ దగ్గర ఒక బిగింపు ఉంటుంది. అది మూసి ఉన్న స్థితిలో ఇ స్వరాన్ని కలిపి, ఆ తరువాత తెరిచి సి సరిగా పలుకుతోందో చూడండి.

ఏకవాద్య కచేరీలకు బాస్ వాద్యకారులు అన్ని తీగలనూ ఒక పూర్ణ స్వరం పైకి, అంటే ఎ, ఇ, బి, ఎఫ్ షార్ప్‌కు కలుపుకుంటారు. నాదం గుంపులోంచి తేరి వినిపించడానికి ఈ పద్ధతి. వాద్యకారుడు డి మేజర్‌లో రాసినది చదువుతుంటే వినిపించేది ఇ మేజర్. మామూలు తీగలనే ఇలా బిగిస్తే తన్యత సుమారు 26 శాతం పెరుగుతుంది, అది తీగకూ పెట్టెకూ మంచిది కాదు. ఇందుకోసం సన్నని సోలో తీగలు వేరే దొరుకుతాయి. పంచమాల శ్రుతిని ప్రయత్నించాలనుకునేవారికీ ఇదే మాట. మామూలు ఇ తీగను సికి దించితే అది వేలాడుతుంది, జి తీగను ఎకి లాగితే మరీ బిగుస్తుంది.

కృతి కోరినప్పుడు శ్రుతి మార్చడం

కొన్ని కృతులు మామూలు శ్రుతిని వదిలి వేరేది అడుగుతాయి. దీన్ని స్కోర్డటూరా అంటారు. స్వరకర్త బాఖ్ అయిదో చెల్లో సూట్‌లో ఎ తీగను జికి దించాలి. ట్యూనర్ అవసరం లేదు: మూడో తీగ జిని నడి మధ్యలో తాకితే 196 హెర్ట్జ్ వస్తుంది, దించిన పై తీగ తెరిచినప్పుడు అదే పలకాలి. ఈ తీగ తన్యత దాదాపు 21 శాతం తగ్గుతుంది కాబట్టి మిగిలిన మూడూ కొద్దిగా పైకి ఎక్కుతాయి. వాటిని మళ్ళీ సరిచూడండి. స్వరలిపిలో ఆ తీగ మీది స్వరాలను వేళ్ళు పడేచోటు ప్రకారం రాస్తారు, అవి ఒక పూర్ణ స్వరం కింద వినిపిస్తాయి.

కొడాలీ 1915లో రాసిన ఏకవాద్య చెల్లో సొనాటాలో కింది రెండు తీగలూ అర్ధస్వరం దిగి బి, ఎఫ్ షార్ప్ అవుతాయి. ముందు జి తీగను దించి, డి తీగ మీద వేలితో నొక్కిన ఎఫ్ షార్ప్‌కు ఒక స్థాయి కింద కలిపి, ఆ తరువాత సి తీగను దించండి. ఆ రెంటి మధ్య పంచమం చెక్కుచెదరదు కాబట్టి సగం, మూడో వంతు సూత్రమే సరిపోతుంది. మొజార్ట్ 1779లో రాసిన సిన్ఫోనియా కన్‌చెర్టాంటేలో వయోలా మొత్తం అర్ధస్వరం పైకి వెళ్ళాలి. ఎ తీగను బి ఫ్లాట్‌కు, అంటే 466.2 హెర్ట్జ్‌కు కలిపి మిగిలినవి మామూలుగా పంచమాలతో దింపండి. తన్యత 12 శాతం పెరుగుతుంది కాబట్టి ఒక్కో తీగనూ ఒకేసారి పూర్తిగా లాగకుండా, నాలుగింటినీ సగం సగంగా రెండు విడతల్లో పెంచండి, మధ్యలో బ్రిడ్జిని చూడండి.

షూమాన్ పియానో చతుష్టయంలో మూడో భాగం చివర చెల్లో సి తీగ బి ఫ్లాట్‌కు దిగాలి, నాలుగో భాగానికి మళ్ళీ సికి రావాలి. పూర్ణ స్వరం ఫైన్ ట్యూనర్‌కు అందని దూరం కనుక బిరడతోనే చేయాలి. తిరిగి పెంచేటప్పుడు సికి కొంచెం కింద ఆపి, బ్రిడ్జికీ నట్‌కూ మధ్య తీగను వేలితో ఒకసారి మెల్లగా లాగి వదిలి, ఆ తరువాత ఫైన్ ట్యూనర్‌తో జి తీగ నడి హార్మోనిక్‌కు కలపండి. అలా లాగి వదలకపోతే తీగ కొన్ని పంక్తుల్లోనే మళ్ళీ దిగుతుంది.